ఫ్లిప్ కెమెరాను మింగింది ఫోన్లేనా?

నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో కంపెనీ ఫ్లిప్ అనే చిన్న వీడియో కెమెరాను కొని రెండేళ్లకే ఎందుకు మూసేసిందని, అదంతా ఫోన్ల దెబ్బేనా అని అడిగారు. ఫోన్ల దెబ్బ కొంత నిజమే. కానీ దాన్ని వాడినవాడిగా చెప్తున్నా, పెద్ద తప్పు దాన్ని కొన్న సిస్కోదే.

2009లో మా అన్న అమెరికా నుంచి వస్తా ఫ్లిప్ అల్ట్రా తెచ్చినాడు. చొక్కా జేబులో పట్టేసేది. వెనకవైపు చిన్న తెర, దాని కింద ఎర్ర బటన్. నొక్కితే రికార్డు, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. పక్కనున్న మీట జరిపితే యూఎస్‌బీ టక్కున బయటికొస్తుంది, నేరుగా కంప్యూటర్‌కి గుచ్చడమే. ఛార్జర్ గోల లేదు, రెండు పెన్సిల్ సెల్లులు చాలు. గంట వీడియో పట్టేది.

మరుసటేడు తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు మా అవ్వ చేతికిచ్చినా. టీవీ రిమోటు కూడా ముట్టని మనిషి. తెల్లటి నామకొమ్ము పూసుకుని బైరాగి వేషంలో వీధిలో పోతున్న పిల్లకాయల్ని తనే తీసింది. "ఇంతేనా నాయనా?" అని అడిగింది. అంతే. ఆ కెమెరా గొప్పదనమంతా ఆ "ఇంతేనా"లోనే ఉంది.

సిస్కో 2009 మార్చిలో ఫ్లిప్ తయారుచేసే ప్యూర్ డిజిటల్‌ని దాదాపు 59 కోట్ల డాలర్ల షేర్లిచ్చి కొంటామని ప్రకటించింది. సిస్కోకి కూడు పెట్టేది రౌటర్లు, స్విచ్‌లు. వాటిని కొనేది కంపెనీలు, టెలికాం వాళ్లు. ప్యూర్ డిజిటల్‌కి ఫ్లిప్పే ప్రాణం, సిస్కోకి అదో మూల పద్దు. అదే ఏడాది జూన్‌లో వీడియో తీసే ఐఫోన్ 3జీఎస్ వచ్చింది. అప్పుడు ఫ్లిప్‌కి కావాల్సింది ఒక్కటే: తీసిన వీడియో అక్కడి నుంచే పంపే దారి. నెట్‌వర్కులే బతుకైన కంపెనీ చేతిలో రెండేళ్లున్నా, వైఫై ఉన్న ఫ్లిప్ ఒక్కటి కూడా అంగట్లోకి రాలేదు! ఇది నాకిప్పటికీ మింగుడుపడదు. 2011 ఏప్రిల్ 12న ఫ్లిప్ వ్యాపారం మూసేస్తున్నామన్నారు, 550 మంది ఉద్యోగాలు పోయినాయి. ఇంకొకరికి అమ్మినా బతికుండేదేమో, అదీ చేయలేదు.

ఫోన్ల వల్లే చచ్చిందనే వాళ్లు గోప్రోను చూడాలి. అదీ చిన్న కెమెరానే, అదే ఫోన్ల కాలంలోనే పెరిగింది, 2014లో షేర్ మార్కెట్‌కి ఎక్కింది. దాన్ని పుట్టించినవాళ్లే దగ్గరుండి చూసుకున్నారు.

మీ దగ్గర పాత ఫ్లిప్ ఉంటే దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ కోసం వెతకొద్దండీ. కంప్యూటర్‌కి గుచ్చితే పెన్‌డ్రైవ్ లాగే కనిపిస్తుంది, ఫైళ్లు కాపీ చేసుకోండి. దాచేముందు సెల్లులు తీసేయండి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. మాది ఇంకా పనిచేస్తాంది. అవ్వ తీసిన జాతర వీడియో అందులోనే ఉంది, చివర్లో తెరంతా ఆమె బొటనవేలే.