అమ్మోరి ముందు మా బుల్లోడు పులేషం కట్టొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఒడిశాలోని బరంపురం, నేను ఇచ్ఛాపురం నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా బాబుకి పదకొండేళ్ళు, పుట్టినప్పట్నుంచీ కాళ్ళు పనిచెయ్యవు, వీల్‌చైర్లోనే తిరుగుతాడు. చిన్నప్పుడు వాడికి బాగా జబ్బు చేస్తే, నయమైతే సంబరంలో వేషం కట్టిస్తానని మా ఊరి అమ్మోరు ఠాకురాణికి మొక్కుకున్నాను. ఇప్పుడు వాడేమో పులేషమే కడతానంటున్నాడు. మా వీధి పెద్దలు మంచోళ్ళే, కానీ ఎగరలేనోడికి పులేషం ఏటమ్మా, స్టేజి పక్కన మంచి చోట కూచోబెడతాం, అక్కణ్ణుంచి చూస్తాడులే అంటున్నారు. డీజే సౌండంటే కూడా వాడికి భయం. ఏటి చెయ్యమంటారు?
– ఒక చెల్లి, బరంపురం

జవాబు: చెల్లీ, పులేషమే కట్టించు. వాడు అడిగింది చూడ్డానికి చోటు కాదు, అమ్మోరి ముందు ఆడ్డానికి చోటు. మీ పెద్దలు ప్రేమతోనే చెప్తున్నారు, కాదనను, కానీ మనం ఎక్కడైనా ఇలాంటి పిల్లలకి, ముసలోళ్ళకి ఓ పక్కన కుర్చీ వేసేసి మన బాధ్యత అయిపోయిందనుకుంటాం, వాళ్ళ చేతికి పని ఇవ్వం, అక్కడే నాకు కడుపు మండుతుంది.

మీ ఊరి సంబరం ఎలాంటిదో ఓసారి ఆలోచించు. రెండేళ్ళకోసారి అమ్మోరు గుడి వదిలి దేశిబెహెరా వీధికి, అంటే పుట్టింటికి వస్తుంది, ఆ దేశిబెహెరా ఎవరు, తెలుగు నేతపనోళ్ళ కులపెద్ద, ఒడియా ఊళ్ళో అమ్మోరికి తండ్రి వరస ఆయనే. ఆడవాళ్ళు తలమీద ఘటాలెత్తుకుని వీధులు తిరుగుతారు, మొక్కున్నోళ్ళు రాముడో శివుడో పులో ఏదో ఒకటి కట్టుకుని అమ్మోరి దగ్గరికి వెళ్తారు. మొక్కు ఉంటే చాలు, నీకు ఆట వచ్చా అని పరీక్ష పెట్టేదేం లేదు కదా. మీ బాబుకి మొక్కుంది. పెద్దలకి ఈ మాటే చెప్పు, వాదన పెట్టుకోకుండా మెల్లిగా చెప్పు.

పూరీ సంగతి కూడా గుర్తు చెయ్యి. అక్కడ గుడిలోకి హిందువులు కానోళ్ళని రానివ్వరు, కానీ రథయాత్రకి స్వామే బయటికొస్తాడు, ఎవరైనా చూడొచ్చు. ముస్లిం తండ్రికి పుట్టిన భక్తకవి సాలబేగ సమాధి రథాలు వెళ్ళే పెద్ద వీధి, అదే బడదాండ, దాని మీదే ఉంది, అక్కడ జగన్నాథుడి రథం కాసేపు ఆగుతుంది. అంత పెద్ద రథమే ఒక భక్తుడి కోసం ఆగుతుంటే, మీ వీధి ఊరేగింపు ఒక పిల్లాడి నడకకి తగ్గట్టు కాస్త నెమ్మదిగా వెళ్ళలేదా?

ఇక వేషం సంగతి. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, కుర్చీని అర్జునుడి రథం చేసేద్దాం అని. బాగానే ఉంటుంది గానీ వాడడిగింది పులి, కాబట్టి పులే. పులి ఆటంతా కాళ్ళలోనే లేదు చెల్లీ, మెడ తిప్పడంలో, భుజం ఎగరెయ్యడంలో, గోళ్ళు చాపి చప్పున వెనక్కి లాగడంలో ఉంది, డప్పు కొట్టేవాణ్ణి ఓ నాలుగు సాయంత్రాలు ఇంటికి పిలిచి వాడి భుజాలకి తగ్గట్టు దరువు కుదుర్చుకోమను, అలాగైతే ఆ చప్పుడుకీ నెమ్మదిగా అలవాటు పడతాడు. ఒళ్ళంతా ఆయిల్ పెయింట్ మాత్రం వద్దు, తర్వాత కిరసనాయిలుతో రుద్దితే పిల్లల చర్మం మంటెక్కిపోతుంది. చారల బట్ట కుట్టించు, మొహానికి మాత్రం నీళ్ళతో పోయే రంగు వెయ్యి, అది కూడా ముందురోజు మోచెయ్యి దగ్గర కాస్త రాసి చూసుకుని. తోక చక్రంలో పడకుండా కుర్చీ వెనక పైకి కట్టు. బ్రేకు మీద బట్ట వేలాడకూడదు. అవతల ఏప్రిల్ ఎండ, పొద్దు వాలాక బయల్దేరండి, మజ్జిగ సీసా దగ్గరుంచుకో.

కమిటీవాళ్ళని మాత్రం రెండు గట్టిగా అడుగు. ఒకటి, అమ్మోరి పందిరి దగ్గర చెక్క ర్యాంపు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి, నిటారుగా ఓ పలక ఆనించేస్తే అది ర్యాంపు కాదు, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ర్యాంపుంటే పెద్దోళ్ళూ, చంకలో బిడ్డలున్నోళ్ళూ అందరూ అటే వస్తారు చూడు. రెండోది డీజే. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరంలోనే రూల్స్ వచ్చాయి, పండగలకి ప్రభుత్వం సడలించినా అది పన్నెండు దాకానే, ఏడాదికి 15 రోజులకి మించకూడదు. పదిలోపు కూడా ఒక గంట డీజే ఆపి ఒట్టి డప్పు, సన్నాయితో నడిపించమనండి, ఆ గంటలో ఇలాంటి పిల్లలున్న ఇళ్ళన్నీ రావచ్చని మైకులో ముందే చెప్పమనండి. ఎవరైనా ఇదేం గొడవ అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక కార్యక్రమాల్లో అందరితో సమానంగా పాల్గొనే హక్కు ఇచ్చిందని చెప్పు. పాపం పాపం అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి జవాబు వాడి గాండ్రింపు ఇస్తుందిలే. పోయినసారి సంబరం 2025లో అయింది కాబట్టి లెక్క ప్రకారం మళ్ళీ 2027లో, ఈలోపు టైలర్ని చూసుకో.

ప్రశ్న: సంబరంలో మైకు అంతా ఒడియాలోనే. సోంపేట నుంచొచ్చిన మా నానమ్మ జనంలో తప్పిపోయింది, ఎటెళ్ళాలో తెలీక ఏడ్చేసింది. మేం నలుగురు ఫ్రెండ్స్ వలంటీర్లుగా చేస్తాం, ఏం చెయ్యగలం?
– ఒక డిగ్రీ స్టూడెంట్, బరంపురం

జవాబు: తమ్ముడూ, మైకు దగ్గర మీలో ఒకడు కూచుని ప్రతి ప్రకటనా తెలుగులో కూడా చెప్పండి, చాలు. ప్రయాగ కుంభమేళాలో తప్పిపోయినవాళ్ళ కోసం 1946 నుంచి శిబిరం నడుస్తోంది, అక్కడ ముఖ్యమైన పని మనిషి పేరు, ఊరు వాళ్ళకి అర్థమయ్యే భాషలో మైకులో చెప్పడమే. పెద్దవాళ్ళ జాకెట్టుకో జేబుకో ఫోన్ నంబరు రాసిన చీటీ పిన్నుతో పెట్టండి, అందరికీ కనపడేలా ఒక చోట ఎర్ర లైటు వేలాడదీసి, తప్పిపోతే అక్కడికి రమ్మని పొద్దున్నుంచే చెప్తూ ఉండండి. నానమ్మని కూడా అక్కడే కూచోబెట్టుకోండి, ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని ఊరుకోబెట్టడం మీకంటే ఆవిడకే బాగా వచ్చు.