ఐరిష్‌లో స్త్రీని "బ్యాన్" అంటే, బహువచనం "మ్నా" ఎలా అయింది?

"ఈ రెండూ వేర్వేరు మాటలా?" అని అడిగారు. కాదండీ, రెండూ ఒకటే మాట.

నాకిది డబ్లిన్ వచ్చిన మొదటి వారంలోనే ఎదురైంది. ఒక పబ్‌లో టాయిలెట్ తలుపుల మీద ఒకచోట "మ్నా", ఇంకోచోట "ఫిర్" అని రాసుంది. ఎఫ్‌తో మొదలైంది కదా, ఆడవాళ్లదే అనుకుని ఫిర్ తలుపు మీద చెయ్యి వేశాను. వెనకున్న పెద్దావిడ భుజం తట్టి పక్క తలుపు చూపించారు. ఫిర్ అంటే మగవాళ్లు. సంస్కృతంలోని "వీర" దానికి చుట్టమే.

ఇక మూలం సంగతి. సంస్కృతం, గ్రీకు, ఇంగ్లీషు, ఐరిష్‌లన్నిటికీ తల్లిలాంటి ఇండో యూరోపియన్ మూలభాషలో స్త్రీకి "గ్వెన్" లాంటి మాట ఉండేది. ఐరిష్ చెందిన కెల్టిక్ శాఖలో ఆ "గ్వ" కాస్తా "బ" అయి, పాత ఐరిష్‌లో "బెన్" అయింది. కొన్ని విభక్తుల్లో మధ్య అచ్చు పడిపోయి "బ్నా" మిగిలింది. పక్కనున్న "న" ప్రభావంతో "బ" కూడా "మ" అయింది. అదే మ్నా. ఋగ్వేదంలో దేవతాస్త్రీలను "గ్నా" అన్నారు, అదీ ఈ కుటుంబమే. "జని" కూడా. "జనని" మాత్రం కాదు, అది పుట్టుకకు సంబంధించిన వేరే ధాతువు. ఇంగ్లీషు క్వీన్, గ్రీకు గునే కూడా ఇక్కడివే.

రూపాలకొస్తే, "ఆ స్త్రీ" అనాలంటే "అన్ వ్యాన్". స్త్రీలింగం కాబట్టి "అన్" (ఇంగ్లీషు "ద" లాంటిది) తర్వాత "బ" మెత్తబడి "వ" అవుతుంది. "ఆ స్త్రీ కోటు" అంటే "కోటా న మ్నా". "ఆ స్త్రీలు" అన్నా "న మ్నా"నే, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. "ఆ స్త్రీల కోట్లు" అంటే మాత్రం "కోటీ న మన్". అందరూ తడబడేది ఇక్కడే. "బన్" ముందు "ఎం" చేర్చి రాస్తారు, బి పలకదు.

నాకిది పట్టుబడింది మన గసడదవాదేశం గుర్తొచ్చాకే. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ములు కలిస్తే అన్నదమ్ములు. ఐరిష్‌లోనూ ఇలాంటి చోట్ల "క" "గ"గా, "త" "ద"గా పలుకుతుంది. మనం పాత అక్షరం తీసేస్తాం, వాళ్లు దాన్ని అలాగే ఉంచి ముందు కొత్తది పెడతారు. 1914లో డబ్లిన్‌లో పుట్టిన మహిళా సంస్థ "కుమన్ న మన్" పేరు చూడండి, చిన్న ఎం పక్కనే పెద్ద బి కనిపిస్తుంది.

పడమటి ఐర్లండ్‌లోని గాల్వే వైపు వాళ్లు మ్నాని "మ్రా" అంటారు. అది విని కంగారుపడకండి, మాట అదే.