దసరా వెళ్లాక పెట్టలు ఈకలు రాల్చి గుడ్లు ఆపేశాయి, ఏ మందు వేయాలి?

ఏ మందూ వద్దండి. మీరు రాసినదాన్ని బట్టి అవి ఏడాది దాటిన పెట్టలు. మేత తింటున్నాయి, తిరుగుతున్నాయి, గుడ్డు మాత్రం లేదు. అది తెగులు కాదు, పాత ఈక విడిచి కొత్త ఈక తొడుక్కోవడం. ఏటా ఉండేదే. తల, మెడ దగ్గర మొదలై రొమ్ము, వీపు, ఆఖర్న రెక్కలు, తోక. రెండు నెలల్లో తేల్చేసే పెట్టలున్నాయి, నాలుగు నెలలు ఈడ్చేవీ ఉన్నాయి. అసలు కిటుకంతా ఆ తేడాలోనే ఉంది. నేను చెప్పాలనుకున్నదీ అదే.

మాది కోనసీమ. ఓ కార్తీకంలో కోళ్లు కొనే మనిషి టీవీఎస్ బండికి గంపలు కట్టుకుని మా వీధిలోకొచ్చాడు. కార్తీకమంటే ఊళ్లో చాలామంది నీచు ముట్టరు, ధర పడిపోయి ఉంటుంది, వీళ్లకి అదే అదను. మా పెరట్లో బూడిదకుప్ప దగ్గర నల్లపెట్ట ఒకటి నిలబడి ఉంది. మెడ బోడి, తోక లేదు, నెత్తి మీది ఎర్రజుట్టు పాలిపోయి ముడుచుకుపోయింది. "తెగులండీ బాబూ, రేపో ఎల్లుండో పోద్ది, మిగతావాటికీ అంటిస్తది. ఏదో ఒకటి ఇచ్చి నేనే పట్టుకెళ్తాలెండి" అన్నాడు మా ఆయనతో. చెప్పిన రేటు మామూలు ధరలో సగం కూడా లేదు. మా ఆయన సరే అనేలా ఉన్నారు. పక్కనే ఎర్రపెట్ట నిగనిగలాడుతూ తిరుగుతోంది, అదొక్కటీ ఉంటే చాలన్నట్టు చూస్తున్నారు.

మా అత్తగారు అరుగు దిగొచ్చి నల్లపెట్టని చంకలో ఇరికించుకుని, మెడ మీద ఉఫ్ మని ఊదారు. "ఇలా వచ్చి చూడవయ్యా" అన్నారు. నేనూ వంగి చూశాను. చర్మంలోంచి నీలం నీలంగా ముళ్లు వరసగా లేచి ఉన్నాయి. కొన్నిటికి కొసన తొడుగు చిట్లి, లోపలి నల్ల కుచ్చు అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. వేలు తగలగానే పెట్ట ఒళ్లంతా జలదరించింది. ఆ ముళ్లలో రక్తం ఉంటుంది, విరిగితే కారుతుంది. కొత్త ఈక వచ్చే రోజుల్లో కోడి పట్టుకోనివ్వదంటే పొగరు కాదు, నొప్పి. "చచ్చే కోడికి కొత్త ఈక మొలుస్తదేంటయ్యా?" అన్నారావిడ.

అంతటితో ఊరుకోలేదు. ఎర్రపెట్టని పట్టి తిరగేసి, తోక కింద ఉండే రెండెముకల మధ్య వేళ్లు పెట్టి చూశారు. గుడ్డు మీదున్న పెట్టకి అక్కడ రెండు మూడు వేళ్లు పడతాయి. దీనికి ఒక్క వేలే పట్టింది. "దీన్ని పట్టుకెళ్లు. వానలు మొదలవుతూనే ఈక రాల్చి కూర్చుంది. నాలుగు నెలలు ఒక్కో ఈకా రాల్చుకుంటూ గడిపి, ఇప్పుడు సోకు చేసుకుని తిరుగుతోంది" అన్నారు. బండివాడు "ఆయ్, అలాగేనండి" అని మారు మాట్లాడకుండా పూర్తి ధర పెట్టాడు.

నల్లపెట్ట దసరా దాకా గుడ్లు పెడుతూనే ఉండి, ఒక్కసారిగా అన్నీ విదిల్చేసింది. మంచి గుడ్ల పెట్ట తీరే అంత. ఆలస్యంగా రాలుస్తుంది, బట్టతలైనట్టు కనబడుతుంది, గబగబా కొత్తది తొడుక్కుంటుంది. బద్ధకపు పెట్ట ముందే మొదలెట్టి నిదానంగా రాలుస్తుంది కాబట్టి చూపుకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. మనవాళ్లేం చేస్తారు? నున్నగా ఉన్నదాన్ని ఉంచి, బోడిమెడదాన్ని కోస్తారు. గోదావరి జిల్లాల్లో నాటుకోడి గుడ్లు తగ్గిపోయాయంటే సగం కారణం ఇదే, నన్నెవరూ ఒప్పించలేరు. మిగతా సగం పందేల పిచ్చి. పుంజుకి బాదంపప్పు, కీమా, చెరువులో ఈతలు. పెట్టకి గుప్పెడు నూకలు. భీమవరం బరుల దగ్గర పుంజు డేగా, కాకా, నెమలా అని గంటలు వాదించే మనిషిని, దాని తల్లి ఏడాదికెన్ని గుడ్లు పెట్టిందో అడిగి చూడండి, మొహం చాటేస్తాడు.

గుడ్డు ఆగడానికి మూలం పొద్దు. మన డెల్టాలో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరుకి 11 గంటల చిల్లర. మనకి పెద్దగా తెలీదు గానీ కోడికి తెలుస్తుంది. తణుకు, అనపర్తి వైపు గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారాల్లో లైట్లు వేసి పొద్దుని 16 గంటల దాకా సాగదీసేది అందుకే. అది చూసి కొందరు ఇంటి కోళ్లగూట్లోనూ బల్బు వేలాడదీస్తున్నారు. వాళ్లది వ్యాపారం, మనకేం వచ్చిందండీ? ఏడాదంతా పెట్టిన జీవిని రెండు నెలలు కూర్చోనివ్వలేమా?

వేయాల్సింది బల్బు కాదు, మేత. ఈకలో 85 శాతం దాకా మాంసకృత్తులే. నూకల్లో అవి 8 శాతం లోపే. ఉత్త నూకలు పోసి కొత్త ఈక రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? మన దగ్గర చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఊరూరా ఉన్నాయి. రొయ్య తలకాయలు ఉడకబెట్టి వేయండి, ఎండు చిన్నచేపలు దంచి వేయండి, చేలో నత్తలు చితక్కొట్టి వేయండి. చెదపుట్ట తవ్వితే ఇక చెప్పక్కర్లేదు, పిల్లలూ పెద్దలూ ఎగబడతాయి. వేరుశనగ చెక్కైనా పర్లేదు, బూజు పట్టనిది చూసుకోండి. ఇవన్నీ వదిలేసి, మా పక్కింటావిడ మందుల షాపులో ఈకలు రాలుతున్నాయని చెప్పి ఓ సీసా, ఓ పొడి, ఏదో యాంటీబయాటిక్ మూటకట్టించుకొచ్చింది. ఆ డబ్బుతో ఇంకో పెట్ట వచ్చేది. షాపులో అబ్బాయి కోడిని చూశాడా అంటే, ఫోటో కూడా చూడలేదు.

అయితే రాలిన ప్రతి ఈకా ఇదే అనుకోకండి. రొమ్ము ఒక్కటే బోడిగా ఉండి గంప కింద కదలకుండా కూర్చుంటే అది పొదుగుకొచ్చిన పెట్ట. దాని ముక్కులో ఈక గుచ్చి తిప్పే పాపం మాత్రం చేయకండి. వీపు ఒక్కటే బోడైతే పుంజు ఎక్కువ తొక్కుతోందని. ఈక మొదట్లో తెల్ల గుత్తులు అంటుకుని ఉంటే కోడిపేలు. పచ్చగా పారుతూ, మెడ తిరిగిపోతూ, మేత ముట్టకపోతే కొక్కెర తెగులేమో (రాణిఖెత్ అంటారు), అప్పుడు పశువుల ఆసుపత్రికి ఆ పూటే వెళ్లండి.

జుట్టు మళ్లీ ఎర్రబడ్డాక గుడ్డుకి దగ్గరపడ్డట్టే. సంక్రాంతికి అల్లుళ్లొచ్చేసరికి గుడ్లు కావాలని తొందరపెడితే రావు. ఈ లోపు ఏ పెట్ట ముందు రాల్చిందో, ఏది ఆఖర్న రాల్చిందో కాళ్లకి రంగు దారాలు కట్టి పెట్టుకోండి. కూరకి ఏది పనికొస్తుందో ఆ దారం చూస్తే తెలిసిపోతుంది.