పక్షుల లెక్కకు బయలుదేరే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి చిన్నతాతయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నువ్వు చెన్నై షోళింగనల్లూరులో ఉద్యోగంలో చేరి ఆరు నెలలు తిరగకముందే బైనాక్యులర్ కొనుక్కుని, 1978 నుంచి ఇక్కడ పనిచేస్తున్న మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ వారితో తిరగాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించాను. జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకు ఎలా సిద్ధపడాలో చెప్పమన్నావట. ఏ కెమెరా మంచిదన్న సంగతి నన్ను అడగవద్దు, దానికి నీ స్నేహితులే చాలు. నేను చెప్పగలిగింది నోటుపుస్తకం గురించి.

మొదట నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం పళ్లికరణై చిత్తడి గట్టున ఒక చిన్న ఉల్లంకి పిట్టను చూసి, పుస్తకంలోని బొమ్మతో పోల్చి, ఎవరికీ కనిపించని అరుదైన జాతిని నేనే కనిపెట్టానని గర్వంగా పేరు రాసేశాను. మా బృందంలోని పెద్దాయన ఒకరు ఆ పుటను చూసి, "కాళ్లు ఏ రంగు?" అని మాత్రం అడిగారు. నేను కాళ్లు చూడలేదు. మరుసటి వారం అదే చోట చూస్తే, రొమ్ము పక్కనుంచి తెల్లని చార భుజం దాకా ఎక్కి, తోకను క్షణం ఆపకుండా ఆడిస్తూ, ఎక్కడపడితే అక్కడ కనిపించే మామూలు ఉల్లంకే తిరుగుతున్నది. ఆనాటినుంచి ముందు కాళ్లు, ముక్కు, నడక, అరుపు రాసుకుంటాను, పేరు చివర రాస్తాను. తేలకపోతే "ఉల్లంకి, ఏ రకమో తెలియలేదు" అని రాయడానికి సిగ్గుపడను. నువ్వూ సిగ్గుపడవద్దు.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్నది. దానివల్ల ఏం ఒరుగుతుందని మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే పళ్లికరణై సంగతి చెప్పు. ఒకప్పుడు దక్షిణ మదరాసు వాననీటిని పట్టి ఉంచిన ఆ విశాలమైన చిత్తడి, ఇళ్లూ రోడ్లూ పెరుంగుడి చెత్తగుట్టా కమ్ముకురాగా కుంచించుకుపోయింది. 2007లో అందులో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో పళ్లికరణై, ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. ఒక చోటును ఆ జాబితాలో చేర్చడానికి చూసే కొలతలలో రెండు పక్షులకు సంబంధించినవే: అక్కడ క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులు ఉండడం, లేదా ఏదైనా ఒక జాతి మొత్తం సంఖ్యలో నూటికి ఒక వంతు అక్కడ చేరడం. ఎవరో ఒకరు గట్టుమీద నిలబడి ఏటా లెక్కపెట్టకపోతే ఈ మాటలు ఎవరు రుజువు చేయగలరు?

లెక్కపెట్టే పద్ధతి కష్టమైనదేమీ కాదు, కాని అలవాటు కావాలి. సూర్యుడు నీ వీపు వైపు ఉండేటట్లు నిలబడు, లేకపోతే ఎర్రకాళ్ల కొంగ కూడా నల్లని నీడగానే కనిపిస్తుంది. గుంపు పెద్దదైతే ముందు ఒక్కొక్కటిగా పదింటిని లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, ఆ మేరను గుంపు మీద ఒక చివరనుంచి మరో చివరకు జరుపుకుంటూ పో. మంద చెదిరి లేచిందా, మళ్లీ మొదటినుంచి. ఇద్దరు వేరువేరుగా లెక్కించి, ఆ తరువాతే అంకెలు చెప్పుకోవాలి, ముందే చెప్పుకుంటే రెండోవాడి లెక్క మొదటివాడి వైపు ఒరుగుతుంది.

కాకిని, గోరింకను, గుడ్డి కొంగను తప్పక రాయి. మా జార్జిటౌన్ వీధిలో పిచ్చుకలు ఎన్ని ఉండేవో ఎవరం రాయలేదు, ఇప్పుడు తగ్గాయని వాదించడానికి నా దగ్గర జ్ఞాపకం ఉందిగాని కాగితం లేదు. ఏమీ కనిపించని ఉదయాన్ని కూడా తేదీతో, వేళతో నమోదు చెయ్యి.

ఒక విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. గూళ్ల దగ్గరికి పోవద్దు, ఫోనులో అరుపులు వినిపించి పిట్టలను రప్పించవద్దు. తీతువు బోడినేలమీదే గుడ్లు పెడుతుంది. మండుటెండలో అది నీటిలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లమీద కూర్చుని వాటిని చల్లబరచడం ఒకసారి నేను దూరంనుంచి చూశాను. నువ్వు ఫోటోకోసం పది నిమిషాలు అక్కడ నిలబడితే ఆ పది నిమిషాలూ గుడ్లు ఎండకు ఉడుకుతాయి. సంఘంలో నీకంటే పెద్దవాళ్లు ఇలా చేసినా నువ్వు వెనక్కి తగ్గు.

వేడంతంగళ్ పక్షుల అభయారణ్యాన్ని తరువాత చూద్దువుగాని, పులికాటుకు మాత్రం తప్పక వెళ్లు. ఆ సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్ర వైపే ఉంది, సూళ్లూరుపేట దాకా లోకల్ రైలు పోతుంది. అక్కడి జాలరులతో నీవు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఆ వెసులుబాటు మీ బృందంలో అందరికీ ఉండదు. ఏ పక్షి ఏ నెలలో వచ్చేదో, నీరు తగ్గితే ఎటు పోయేదో వాళ్లను అడిగి, వాళ్లు చెప్పే పేరును వాళ్లు పలికినట్టే రాసుకో.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు పెరుంబాక్కం చెరువు గట్టు దగ్గర ఉంటాను. మాసిన రంగు బట్టలు వేసుకుని, నీళ్ల సీసా, పెన్సిలు తెచ్చుకో. పెన్ను వద్దు, తెల్లవారుజామున మంచు పడి రాసినదంతా అలుక్కుపోతుంది.

ఇట్లు,
చిన్నతాతయ్య