పరాయి దేశంలో అమ్మ వైద్యం తెగిపోకుండా చూసుకోవడం గురించి పెద్దమ్మ లేఖ

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మ కూడా వచ్చి మీతో స్థిరపడిందని తెలిసి సంతోషించాను. షుగరుకు, బీపీకి, థైరాయిడ్‌కు ఆమె వాడే మందులు ఇంకా కొంతకాలానికి సరిపడా ఉన్నాయి కాబట్టి, అవి అయిపోయే ముందు ఎవరో ఒక డాక్టరును చూస్తే చాలునా అని అడిగావు. చాలదు. పదవీ విరమణ చేసేవరకు పరాయి దేశంలో ఒక ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో నర్సుగా పనిచేసి, ఆ దేశంలో పుట్టినవారినీ, బయటినుంచి వచ్చి స్థిరపడినవారినీ ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసినదాన్ని కనుక, ఈ విషయంలో నా మాట కొంచెం విస్తరంగానే చెబుతాను.

అక్కడ పుట్టిన రోగికి వైద్యంలో కొనసాగింపు అనేది అడగకుండానే దక్కుతుంది. చిన్ననాటి టీకాల దగ్గరినుంచి అతని వివరాలు ఎక్కడో ఒకచోట నమోదై ఉంటాయి. అతని తండ్రికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో, తల్లి ఏ మందు పడక ఇబ్బంది పడిందో డాక్టరుకు తెలిసే ఉంటుంది. అతను వచ్చి కూర్చునేసరికే సగం సంభాషణ పూర్తయినట్లు లెక్క. కొత్తగా వచ్చినవారికి కూడా డాక్టరు ఇచ్చేది ఆ కొద్ది నిమిషాలే అయినా, అవి పాత కథ చెప్పుకోవడానికే సరిపోక, అసలు వచ్చిన బాధ గురించి అడగవలసినది మిగిలిపోతుంది.

మరొక సంగతి నేను తరచుగా గమనించాను. ఏళ్ళ తరబడి చూసిన డాక్టరు క్లినిక్ మానేస్తే స్థానికులు గట్టిగా ఫిర్యాదు చేసేవారు. వచ్చిన ప్రతిసారీ వేరే డాక్టరు చూసినా, వలస వచ్చినవారు మాత్రం ‘బాగానే చూశారు’ అని వెళ్ళిపోయేవారు. ఒకే డాక్టరును అడిగే వీలుందని వారికి ఎవరూ చెప్పకపోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం. కాబట్టి మీ అమ్మ ‘బాగానే ఉంది’ అన్నంత మాత్రాన వైద్యం సవ్యంగా సాగుతోందని అనుకోవద్దు. అయితే స్థానికులందరికీ ఈ భాగ్యం ఉందనుకోవడం కూడా పొరపాటే. ఉద్యోగాల కోసం తరచూ ఊళ్ళు మారేవారికి, అద్దె కట్టలేక ఇళ్ళు మారేవారికి పుట్టిన దేశంలోనే ఈ దారం తెగిపోతుంది.

2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జెనీ హాగర్టీ, ఆమె సహచరులు ప్రచురించిన ఒక సమీక్ష ఈ కొనసాగింపును మూడు రకాలుగా విడదీసింది: రోగి గత సమాచారం ఒకరినుంచి మరొకరికి అందడం, వేర్వేరు చోట్ల జరిగే చికిత్స ఒకే ప్రణాళిక ప్రకారం సాగడం, రోగికీ వైద్యుడికీ మధ్య ఏళ్ళపాటు నిలిచే పరిచయం. వలస వచ్చిన రోజున ఈ మూడూ ఒక్కసారిగా తెగుతాయి. మొదటి రెండింటినీ నీ ప్రయత్నంతో త్వరగానే ముడివేయవచ్చు. మూడవదానికి కాలం తప్ప వేరే మార్గం లేదు. దాని విలువ ఎంతో నార్వే పరిశోధకులు దాదాపు 45 లక్షల మంది వివరాలతో లెక్కగట్టి 2022లో ప్రచురించారు. ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఒక్క ఏడాది మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, 15 ఏళ్ళకు పైగా ఉన్నవారిలో ఆస్పత్రిలో అత్యవసరంగా చేరవలసిన అవకాశం 28 శాతం, మరణించే అవకాశం 25 శాతం తక్కువగా కనిపించాయి. ఇటువంటి అధ్యయనం కారణాన్ని పూర్తిగా నిరూపించలేదన్నది నిజమే కాని, పరిచయం పెరిగేకొద్దీ లాభం క్రమంగా పెరగడం వల్ల నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. మీ అమ్మ ఆ లెక్కలో మొదటి ఏడాది మొదటి రోజున ఉంది. అందుకే మందులు అయిపోయేవరకు ఆగవద్దంటున్నాను.

ఈ వారంలోనే ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఆమె పేరు నమోదు చేయించు. జబ్బు చేసినప్పుడు చూద్దాంలే అనుకునేవారు చివరికి అత్యవసర విభాగంలో తేలుతారు. అక్కడివారు ఆ రాత్రి గండం గట్టెక్కిస్తారే తప్ప, మరుసటి నెల షుగరు ఎలా ఉందో అడగరు. నమోదు చేసుకొనేటప్పుడు మొదటి అపాయింట్‌మెంట్ మామూలుకంటే ఎక్కువ సేపు కావాలని కోరు. తరువాత ప్రతిసారీ ఫలానా డాక్టరే కావాలని పేరు చెప్పి అడుగు. ఆ డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో రిసెప్షన్‌లో కనుక్కొని, అత్యవసరం కానిదైతే నాలుగు రోజులు ఆగైనా వారినే చూపించు. బ్రిటన్, నెదర్లాండ్స్, నార్వే వంటి దేశాల్లో స్పెషలిస్టు దగ్గరికి సాధారణంగా ఫ్యామిలీ డాక్టరు రిఫరల్ మీదనే వెళ్ళాలి. నేరుగా స్పెషలిస్టునే కలవడం అలవాటైనవారికి ఇది అడ్డంకిగానో, నిర్లక్ష్యంగానో తోస్తుంది. స్పెషలిస్టులు రాసే ఉత్తరాలన్నీ ఒకే ఫైల్లోకి చేరడానికి ఆ ఏర్పాటే ఆధారమని మీ అమ్మకు ముందే నచ్చజెప్పు.

ఇక ఆమె ఫైలు సంగతి. పాత రిపోర్టులన్నీ సంచిలో వేసుకొని వెళితే ఏ డాక్టరూ చదవలేరు. ఒకే ఒక్క కాగితం మీద, ఆమెకు ఉన్న జబ్బులు, అవి మొదలైన సంవత్సరాలు, జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు, పడని మందులు రాసి పైన పెట్టు. రిపోర్టులు వెనక ఉండనీ. మందులను కంపెనీ పెట్టిన పేరుతో కాక లోపలి మందు పేరుతో, డోసుతో సహా రాయాలి, ఎందుకంటే కంపెనీ పేర్లు సరిహద్దు దాటితే ఎవరికీ తెలియవు. లోపలి మందు పేరు కూడా కొన్నిసార్లు దేశాన్నిబట్టి మారుతుంది. పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటేనని తెలియక వెంట తెచ్చుకున్నదీ, అక్కడ కొన్నదీ కలిపి వేసుకుంటే కాలేయానికి ప్రమాదం. ఒకే టాబ్లెట్‌లో రెండు మూడు మందులు కలిసి ఉంటే వాటిని విడివిడిగా రాయి, ఆ కలయిక అక్కడ దొరకకపోవచ్చు. ‘పడదు’ అని ఊరుకోకుండా, ఆ మందు వేసుకున్నప్పుడు ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా, ఊపిరి ఆడలేదా, కేవలం కడుపు మండిందా అన్నది కూడా రాయి. డాక్టరు నిర్ణయం దానిమీదే ఆధారపడుతుంది.

అంకెల్లోనూ చిక్కు ఉంది. రక్తంలో షుగరును కొన్ని దేశాల్లో మిల్లీగ్రాముల్లో, మరికొన్నింట మిల్లీమోల్స్‌లో చెబుతారు. 126 అన్నా, 7 అన్నా ఒకే స్థాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఒకచోట 7 శాతం అన్నది మరొకచోట 53 అవుతుంది. కొత్త రిపోర్టులో 53 చూసి మీ అమ్మ భయపడితే తప్పు ఆమెది కాదు. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయి. 04/07 అంటే ఒక దేశంలో జూలై 4, మరొక దేశంలో ఏప్రిల్ 7. ఆమె పేరును ప్రతిచోటా పాస్‌పోర్టులో ఉన్న క్రమంలోనే ఇవ్వు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకొకచోట వెనక రావడం వల్ల ఒకే మనిషికి రెండు ఫైళ్ళు తయారై, రక్తపరీక్ష ఒకదానిలో, ఎక్స్‌రే మరొకదానిలో పడి ఉండడం మా క్లినిక్‌లో అరుదేమీ కాదు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నట్లు కూడా ఆ కాగితంలో చేర్చు. ఆ టీకా వల్ల క్షయకు చేసే చర్మపరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్‌గా కనిపించవచ్చు. అందుకోసం చేసే ప్రత్యేక రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

మీ అమ్మ తరఫున నేనే మాట్లాడతానులే అనుకుంటున్నావేమో. మొదటి పరిచయానికి నీవు పక్కనుంటే మంచిదే కాని, అసలైన సంభాషణకు ఆస్పత్రి ఏర్పాటు చేసే శిక్షణ పొందిన దుబాసీనే అడుగు. 2003లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, దుబాసీ సాయంతో జరిగిన 13 సంభాషణలను రికార్డు చేసి చూస్తే, ఒక్కొక్కదానిలో సగటున 31 పొరపాట్లు దొర్లాయి. ఆస్పత్రి నియమించినవారి పొరపాట్లలో 53 శాతం చికిత్సమీద ప్రభావం చూపగలిగేవి కాగా, అప్పటికప్పుడు సాయానికి వచ్చినవారి విషయంలో అది 77 శాతం. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకొనే ఆస్పత్రులు ఈ సహాయాన్ని రోగికి ఖర్చు లేకుండా ఇవ్వాలన్నది నిబంధన. మీ దేశంలో ఎలా ఉందో అపాయింట్‌మెంట్ రోజున కాక ముందే అడిగి తెలుసుకో. దీనికి పొరపాట్లే కాక మరొక కారణం ఉంది. మూత్రం ఆగకపోవడం, మనసు బాగుండకపోవడం వంటివి తల్లి కొడుకు ముందు చెప్పదు, నాయనా. చెప్పినా, నీవు వాటిని మెత్తబరిచి డాక్టరుకు చేరవేస్తావు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమని నేను అనుకొనేది. మీ అమ్మను ఇన్నాళ్ళు చూసిన డాక్టరుగారు ఇప్పటికీ ఫోనులో దొరుకుతారనీ, సందేహం వస్తే ఆయననే అడుగుతుందనీ నీ లేఖలోనే ఉంది. అందులో తప్పేమీ లేదు. ఆమెకు ఉన్న ఏకైక పాత పరిచయం అదే, దాన్ని తెంచమని నేను చెప్పను. ప్రమాదం ఎక్కడంటే, ఆ ఫోను సంగతి కొత్త డాక్టరుకు చెప్పకపోవడంలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. కాళ్ళ నొప్పులని ఫోనులో చెబితే పాత డాక్టరుగారు కాల్షియం వాడమంటారు. థైరాయిడ్ టాబ్లెట్‌తోపాటే దాన్ని వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కొన్ని వారాలకు కొత్త డాక్టరు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ మందు చాలడం లేదని డోసు పెంచుతారు. ఆ తరువాత మీ అమ్మ ఎప్పుడో కాల్షియం మానేస్తుంది, పెరిగిన డోసు మాత్రం అలాగే ఉండి, గుండె దడ మొదలవుతుంది. ఇద్దరూ సరైన వైద్యమే చేశారు, ఒకరి మాట మరొకరికి చేరలేదంతే.

చాలామంది కొత్త డాక్టరు చిన్నబుచ్చుకుంటారని భయపడి ఈ సంగతి దాస్తారు. నేను చూసినంతలో, దాచిన సంగతి తరువాత బయటపడినప్పుడే డాక్టర్లు నొచ్చుకున్నారు. మందుల డోసు మార్చే అధికారం ఇకమీదట దగ్గరున్న డాక్టరుదేననీ, దూరాన ఉన్న డాక్టరుగారు సలహా చెబుతారనీ, ఆ సలహా కాగితం మీదకెక్కి కొత్త డాక్టరు చూసిన తరువాతే అమలవుతుందనీ ముగ్గురికీ స్పష్టంగా చెప్పు. వచ్చేపోయేవారి చేత మందులు తెప్పించుకోవడం మాన్పించు. ఒకవేళ తెప్పించుకున్నా, దుకాణంలో తనంతట తాను కొన్నవాటితో సహా అన్నీ పై కాగితంలో ఉండాలి. క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు ఆ మందుల పెట్టెలనే వెంట పంపితే మరీ మంచిది; మేము రోగి మాటకంటే పెట్టెనే ఎక్కువ నమ్మేవాళ్ళం.

ఆస్పత్రిలో ఉండవలసి వస్తే, ఇంటికి వచ్చే రోజునే డిశ్చార్జి సమ్మరీ నకలు చేతికి తీసుకొని, వారంలోగా ఫ్యామిలీ డాక్టరుకు చూపించు. వారు పంపుతారులే అని ఊరుకోవద్దు. మీరు ఇల్లు మారదలిస్తే, పాత క్లినిక్‌లో పేరు తీసివేయకముందే కొత్తచోట నమోదు చేయించి, ఫైలు చేరిందో లేదో ఫోను చేసి కనుక్కో. స్వదేశానికి సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ చేయించిన పరీక్షల కాగితాలు తిరుగు ప్రయాణంలో సామాన్ల పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టించు. మొదటి అపాయింట్‌మెంట్ దొరికిన వెంటనే నాకు తెలియజేస్తే, నీవు రాసిన కాగితం ఒకసారి చూసి, ఏమైనా వదిలేసి ఉంటే చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ