నీటిని కొలిచే చదువుకు కొలువులున్నాయా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రాలతో బీఎస్సీ పూర్తిచేశాను. ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రంలో చేరాలని నా కోరిక. కెమిస్ట్రీ చేస్తే పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో వెంటనే ఉద్యోగం వస్తుందని మా నాన్నగారు అంటున్నారు. మా నాయనమ్మ కిడ్నీ జబ్బుతో పోయింది. ఈ చదువుతో మా ఊరి నీటి సంగతి తేల్చగలనా? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు, రెండింటికీ విడివిడిగానే జవాబు చెప్పాలి. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి కారణం ఇదేనని ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఖాయంగా తేలలేదు. తాగే నీరు, ఎండలో చెమటోడ్చే పని, పురుగుమందులు, వంశపారంపర్యం వంటి అనుమానాలన్నింటినీ పరిశోధకులు పరిశీలిస్తూ వచ్చారు. ఎమ్మెస్సీ పట్టాతో మీరొక్కరే దాన్ని తేల్చేస్తారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. అయితే వైద్యులు, భూగర్భ శాస్త్రజ్ఞులు, రసాయన శాస్త్రజ్ఞులు కలిసి చేసే అటువంటి పరిశోధనలో బావి నీటి నమూనాను సరిగా తీసి, సరిగా భద్రపరిచి, సరిగా కొలిచి ఇచ్చే మనిషి లేకపోతే మిగతావారి పని ముందుకు సాగదు. ఆ మనిషిని తయారుచేసేదే ఈ చదువు.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతినే చూడండి. 300 మిల్లీలీటర్ల గాజుసీసాను ఒక్క గాలిబుడగ కూడా మిగలకుండా నింపి, చెరువు గట్టు మీదే మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలు కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేని నీటిలో ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లంతో మడ్డిని కరిగించి, గంజి ద్రావణం చుక్కలతో నీలంగా మారిన నీటిని ఆ రంగు పూర్తిగా పోయేదాకా థయోసల్ఫేటుతో టైట్రేట్ చేస్తే, అంటే దాన్ని చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో కొలిస్తే, లెక్క వస్తుంది. మూత పెట్టేటప్పుడు బుడగ చిక్కితే ఆ లెక్కకు విలువ లేదు. కొలువులో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో సరిగ్గా అదే పొరపాటు జరిగింది. మళ్లీ వెళ్లి నమూనా తెస్తానంటే, ప్రయాణ ఖర్చు దండగ, పాత అంకెనే కాస్త దిద్ది రాయమన్నారు పై అధికారి. నేను రాయలేదు. అందుకు పడిన మాటలు మరిచిపోయాను గానీ, రాయనందుకు కలిగిన తృప్తి ఇప్పటికీ ఉంది.

కాగితం మీద రాసినది తప్పయితే ఏమవుతుందో మీ పొరుగున ఉన్న సోంపేటకు బాగా తెలుసు. వరి పండి, చేపలు దొరికే బీల అనే చిత్తడి నేలలను ఎందుకూ పనికిరాని భూములుగా చూపి 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. దాన్ని వ్యతిరేకించిన ప్రజలపై 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అదే రోజున రద్దు చేసింది.

ఇక ఉద్యోగాలు. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం గనులు, విద్యుత్ కేంద్రాలు, రసాయన పరిశ్రమల వంటివాటికి ముందుగా పర్యావరణ అనుమతి కావాలి గనుక, ప్రాజెక్టు వల్ల పర్యావరణంపై పడే ప్రభావాన్ని అంచనా వేసే నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు గాలి, నీరు, జీవవైవిధ్యం వంటి ఒక్కొక్క రంగంలో నిపుణులు అవసరమవుతారు. మీ నాన్నగారు చెప్పిన ఫార్మా కంపెనీలకూ వ్యర్థజలాలను శుద్ధిచేసే ఈటీపీలు, వాటిని చూసుకునే పర్యావరణ విభాగాలు ఉంటాయి కాబట్టి, ఆయన మాటకూ మీ కోరికకూ మీరు అనుకుంటున్నంత దూరం లేదు. అయితే జీతం తొలి రెండు మూడేళ్లు తక్కువగానే ఉండవచ్చు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉంది, ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ఎక్కడ చేరినా ప్రయోగశాల పనిని, కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే జీఐఎస్ పనిని చేత్తో చేసి నేర్చుకోండి. ఆ రెండూ రాకుండా చేతికొచ్చిన పట్టాకు బయట విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. పర్యావరణ శాస్త్రం చదివితే ప్రభుత్వోద్యోగాలు ఏమున్నాయి? అటవీ సర్వీసుకు పనికొస్తుందా? – ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. యూపీఎస్సీ నిర్వహించే భారత అటవీ సర్వీసు పరీక్షకు అర్హతగా చెప్పిన సబ్జెక్టుల్లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం వంటివి ఉన్నాయి గానీ పర్యావరణ శాస్త్రం పేరు లేదు. డిగ్రీలో వాటిలో ఒక్కటైనా ఉంటే మీ అబ్బాయికి ఇబ్బంది లేదు. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీరు పోస్టులు ఇంజనీరింగ్ చదివినవారివి. ఎమ్మెస్సీ వారు చూడవలసినవి ప్రయోగశాలల్లోని అనలిస్టు పోస్టులు. అధ్యాపక వృత్తికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పరిశోధన చేసే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఈ రంగంలో వెనకబడతానా? – ఒక విద్యార్థి, రాజాం

జవాబు: పాఠ్యపుస్తకాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది శ్రమ తప్పదు. అయితే ప్రాజెక్టులపై జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ప్రజలకు అందుబాటులో ఉంచాలని నిబంధన. నేను చదివిన తెలుగు సారాంశాల్లో చాలావాటిని రైతు మాట అటుంచి, ఆ శాస్త్రం చదివినవారు కూడా రెండోసారి చదవాల్సి వస్తుంది. అటువంటి సారాంశం ఒకటి సంపాదించి, అందులో ఒక పేజీని మీ ఇంట్లో పెద్దవారికి అర్థమయ్యేలా తిరిగి రాసి చూడండి. అది వారికి చదివి వినిపించాక, ఎక్కడ ఆపి మిమ్మల్ని ప్రశ్న అడిగారో గుర్తు పెట్టుకుని అక్కడ మళ్లీ దిద్దండి.