పడవ స్పీడ్ కాదు, వీఎంజీ చూడండి

అమెరికాస్ కప్ తెరచాప పడవల రేసు చూస్తుంటే టీవీ తెర మీద టీడబ్ల్యూఎస్, టీడబ్ల్యూఏ, వీఎంజీ అని అంకెలు పరిగెడుతుంటాయి, వాటిలో ఏది పట్టించుకోవాలి అని ఒకరు అడిగారు. నన్నడిగితే వీఎంజీ, అంటే పడవ చేరాల్సిన వైపు, గాలికి ఎదురుగానో గాలి వెంటో, నిజంగా ముందుకెళ్ళే వేగం. గాలి వేగం (టీడబ్ల్యూఎస్), గాలికి పడవ పోయే కోణం (టీడబ్ల్యూఏ), ఈ రెండూ దాని కోసమే.

మా అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే పిల్లల తెరచాప పడవ నడుపుతుంది. మొన్న జూలైలో ఒక రేసు మోటారు బోటులోంచి చూశాను. గాలి 8 నాట్లు, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. ఎదురుగాలిలో ఆఖరి బోయ్ (మలుపు గుర్తుగా నీళ్ళలో తేలేది) వైపు ఇద్దరు పిల్లలు పక్కపక్కనే వెళ్తున్నారు. అవతలి అబ్బాయి గాలి వచ్చే దిక్కుకు మరీ దగ్గరగా పడవ ముక్కు పెట్టాడు. తెరచాప ముందంచు దడదడలాడుతోంది, పడవ కదలనంటోంది. మా అమ్మాయి చుక్కాని పిడి కొంచెం తనవైపు లాక్కుంది. తెరచాప నిండింది. పాదాలు పట్టీ కింద పెట్టి, ఒళ్ళంతా బయటికి వాల్చి కూర్చుంది. చూసేవాళ్ళకు బోయ్‌కి దూరంగా పోతున్నట్టే ఉంటుంది. కానీ బోయ్ చుట్టూ ముందు తిరిగింది తనే!

లెక్క వేయండి. గాలి వచ్చే దిక్కుకు 40 డిగ్రీల్లో 2.5 నాట్లతో పోతే గాలికి ఎదురుగా నిజంగా ముందుకెళ్ళేది 1.9. 45 డిగ్రీల్లో 3 నాట్లయితే 2.1. ఇంకా స్పీడ్ కావాలని 55 డిగ్రీలకు దింపి 3.4 తెచ్చుకున్నా మళ్ళీ 2 లోపే. ఆ 2.1 పేరే వీఎంజీ.

ఒడ్డున కొందరు తల్లిదండ్రులు ఫోన్‌లో వాతావరణ యాప్ చూసి పిల్లలకు సలహాలిస్తారు. చుట్టూ అంత ఎత్తు భవనాలున్న చెరువులో గాలి యాప్ చెప్పినట్టు వీస్తుందా? పైగా పిల్లలకు తగిలేది వేరే గాలి. అదే 8 నాట్లలో ఎదురు వెళ్తుంటే ఒంటికి 10 తగులుతుంది. వెనకగాలికి తిరిగి 3 నాట్లతో వస్తుంటే 5 మాత్రమే. జుట్టు కదలదు, ఉక్కపోత. పడవ కదలిక కూడా కలిసి ఇలా ఒంటికి తగిలేదే అపారెంట్ విండ్. అమెరికాస్ కప్‌లోని ఏసీ75 పడవలు గాలి కంటే వేగంగా పోతాయి కాబట్టి వెనకగాలిలోనూ వాటికి గాలి ముందు నుంచే కొడుతుంది. అందుకే తెరచాపలు ఎప్పుడూ బిగించే కనిపిస్తాయి.

కామెంటేటర్లు మాత్రం 50 నాట్లు దాటింది అని కేకలు. ఆ 50 ఏ కోణంలో వచ్చిందో కూడా చెప్పాలి కదా.